చెవిలో కోచ్, ఎదురుగా పిల్లలు: పీసీఐటీ ఎలా ఉంటుంది?

పిల్లల్ని లోపలికి పంపి, మనం బయట గంటసేపు కూర్చుంటే సరిపోతుందనుకుని పీసీఐటీకి వెళ్తే మొదటి వారమే కంగారు పుడుతుంది. ఆటగదిలో కూర్చోవాల్సింది అమ్మో నాన్నో. థెరపిస్టు అద్దం వెనకుండి, ఇయర్‌ఫోన్‌లో ఒక్కో మాటా అందిస్తుంటారు. పూర్తి పేరు పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. 1970లలో అమెరికన్ సైకాలజిస్టు షీలా ఐబర్గ్ రూపొందించారు. 2 నుంచి 7 ఏళ్ల పిల్లలు కొట్టడం, విసరడం, ప్రతిదానికీ ఎదురుతిరగడం లాంటి ఇబ్బందులకు దీన్ని వాడతారు.

ముందుగా పిల్లల ప్రవర్తన మీద 36 అంశాల ప్రశ్నపత్రం మనతో నింపిస్తారు, అది ఎంత తరచుగా జరుగుతుందో ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వేయాలి. మొత్తం 131కి చేరితే ఇబ్బంది గట్టిదే. తర్వాత కూడా అదే పత్రం మళ్ళీ మళ్ళీ ఇస్తారు. విసుగొచ్చినా ఉన్నదున్నట్టు నింపండి, ఎప్పుడు ఆపాలో తేల్చేవాటిలో అదీ ఒకటి.

మొదటి దశలో ఆట పిల్లలు నడిపిస్తారు, మనం వెంట వెళ్తాం. సెషన్ మొదట్లో 5 నిమిషాలు థెరపిస్టు నోరు మెదపకుండా మన మాటల్ని లెక్క రాస్తారు. ఆ వ్యవధిలో దేనికో చెప్పి మెచ్చుకోవడం 10, వాళ్ళన్న మాట తిరిగి అనడం 10, చేస్తున్న పని వర్ణించడం 10 రావాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు అన్నీ కలిపి 3 దాటకూడదు.

చాలామంది బోల్తా పడేది ప్రశ్నల దగ్గరే. 'ఎర్ర బ్లాకు పైన పెట్టావు' వర్ణన. 'పెట్టావా?' అంటే ప్రశ్న. మన భాషలో చివరి అచ్చు ఒక్కటి మారితే చాలు, మంచి గడిలో పడాల్సిన గీత చెడ్డ గడిలో పడుతుంది. 'బాగుంది కదా' కూడా ప్రశ్న కిందే లెక్క. ప్రశ్న వేయగానే ఆట పగ్గాలు మన చేతికొచ్చేస్తాయి, పిల్లలు చేస్తున్నది ఆపి జవాబు వెతుక్కోవాలి. ఊరికే 'వెరీ గుడ్' అన్నా ఆ పదిలోకి రాదు. 'బొమ్మను మెల్లగా కింద పెట్టావు, నాకు నచ్చింది' అంటే వస్తుంది.

ఇంటిపని రోజుకి 5 నిమిషాల ఆట. బ్లాకులు, క్రేయాన్లు, వంటసామాన్ల బొమ్మలు సరిపోతాయి. బొమ్మ తుపాకులు, గెలుపోటములుండే ఆటలు, ఫోను వద్దు. అల్లరి చేశారని ఆ రోజు ఆట రద్దు చేయడం పెద్ద పొరపాటు, ఆ రోజే అది ఎక్కువ అవసరం. చిన్నాచితకా గోలకు ముఖం తిప్పుకుని మీ బ్లాకులు మీరు పేర్చుకోండి. గోల ఆగిన క్షణమే మళ్ళీ మెచ్చుకోండి. కొట్టినా, విరగ్గొట్టినా మాత్రం ఆట అక్కడితో సరి.

రెండో దశ ఆజ్ఞలది. ఒకసారికి ఒకటే చెప్పాలి, అదీ చేయాల్సిన పని రూపంలో: 'పరిగెత్తకు' బదులు 'నా పక్కన నడు'. 5 సెకన్లు ఆగాలి. కదలకపోతే ఒక హెచ్చరిక, మళ్ళీ 5 సెకన్లు. అప్పుడూ వినకపోతే ఆట ఆపి కుర్చీలో 3 నిమిషాలు కూర్చోబెట్టాలి, చివర 5 సెకన్ల నిశ్శబ్దం. దిగాక మొదట చెప్పిన పనే చేయించాలి. అది మరిచారంటే, పని ఎగ్గొట్టడానికి కుర్చీయే సులువైన దారైపోతుంది. ఈ దశ తొందరగా మొదలుపెట్టమని అడిగే తల్లిదండ్రులు ఎక్కువే. మొదటి దశ మాటల లెక్క కుదరకుండానే సరేననే కేంద్రంలో చేరకండి.

లోపాలూ ఉన్నాయి. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. అయితే మాటల లెక్క కుదిరి, ప్రశ్నపత్రం మొత్తం 114కో అంతకన్నా కిందికో దిగితేనే ముగింపు గనక ఖర్చు ముందుగా కచ్చితంగా తేలదు. మధ్యలో మానేసేవాళ్ళూ తక్కువేం కాదు. ఇంటి నుంచే వీడియోలో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో చేసే ఏర్పాటు కూడా ఉంది. అందులో ధ్వని రెండు సెకన్లు వెనకబడినా చిక్కే: బ్లాకు మెల్లగా పెట్టినప్పుడు చెవిలో పడాల్సిన మెప్పు, దాన్ని విసిరేసే వేళకి వినబడుతుంది. డబ్బు కట్టేముందే ఒక పరీక్ష కాల్ చేయించుకోండి.