సిడ్నీ ఇంటిపై కేవియట్: ల్యాప్సింగ్ నోటీసా, కోర్టు ఉత్తర్వా?

మన దగ్గర కేవియట్ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 148ఏ, ‘నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు’ అని. సిడ్నీ ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో అది టైటిల్‌కే, అంటే భూమి యాజమాన్య రికార్డుకే, పడే అడ్డుకట్ట. ఉన్నంతకాలం అమ్మకం రిజిస్టర్ కావడం కష్టం.

తొలగించడానికి 1900 నాటి రియల్ ప్రాపర్టీ చట్టంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. సెక్షన్ 74జె కింద ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి ల్యాప్సింగ్ నోటీసు (కేవియట్ గడువు ముగించే నోటీసు) తీసుకుని అందజేస్తే, కేవియట్ వేసినవాళ్లు 21 రోజుల్లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచి పొడిగింపు ఉత్తర్వు తెచ్చి దాఖలు చేయాలి. లేకుంటే కేవియట్ పోతుంది. ఖర్చు తక్కువ. నోటీసు అందజేసిన రుజువు సరిగా లేకపోతే మాత్రం ఆట మళ్లీ మొదటికి.

సెటిల్‌మెంట్ (డబ్బు కట్టి అమ్మకం పూర్తిచేసే రోజు) వచ్చే వారమే ఉంటే 21 రోజులు ఎక్కడివి? అప్పుడు 74ఎంఏ కింద నేరుగా కోర్టుకే వెళ్లి ఉపసంహరణ ఉత్తర్వు అడగాలి. ఫీజులు భారీ, కానీ వేగం. విచారించదగ్గ హక్కు ఉందని చూపాల్సిన భారం కేవియట్ వేసినవారిదే. ఉత్త బాకీ చాలదు, భూమిలో హక్కు కావాలి.

సొలిసిటర్లు (క్లయింట్ల పనులు చూసే లాయర్లు) బోల్తా పడేది ఇక్కడే. బాకీ వసూలుకు ఒత్తిడిగా కేవియట్ వేయిస్తే, 74పి కింద నష్టపరిహారం క్లయింటు మెడకు చుట్టుకోవచ్చు. తీవ్ర నిర్లక్ష్యమో, సహేతుక కారణం లేకపోవడమో సొలిసిటర్‌దని తేలితే, అక్కడి 2005 సివిల్ ప్రొసీజర్ చట్టం సెక్షన్ 99 కింద ఎదుటిపక్షం ఖర్చులు ఆయన జేబులోంచే కట్టించవచ్చు. కేసు ఓడినంత మాత్రాన కాదు. ఆయన వాదన వినాలి కూడా.