నిర్మూలించాలా, చట్టంతో కాపాడాలా, మార్చాలా: ఏది మేలు?

2023 సెప్టెంబర్ 2న చెన్నైలో ఒక సభలో అప్పటి తమిళనాడు మంత్రి ఉదయనిధి స్టాలిన్ సనాతన ధర్మాన్ని డెంగీ, మలేరియా, కరోనాలతో పోల్చి, ఇలాంటివాటిని వ్యతిరేకిస్తే సరిపోదు, నిర్మూలించాలి అన్నారు. ఏడాది తర్వాత, 2024 అక్టోబర్ 3న తిరుపతి వారాహి సభలో పవన్ కల్యాణ్ ఆయన పేరెత్తకుండానే దానికి జవాబిచ్చి, సనాతన ధర్మ పరిరక్షణకు దేశమంతటికీ గట్టి చట్టం, ఒక బోర్డు కావాలని అడిగారు. అప్పటికి ఇద్దరూ ఉప ముఖ్యమంత్రులే. ఇక మన వాట్సాప్ గ్రూపుల్లోనూ టీవీ చర్చల్లోనూ ఒకటే నిలదీత: నువ్వు ఆ వైపా, ఈ వైపా?

నా మాట ముందే చెప్పేస్తాను. చేతిలో అధికారం ఉన్న నాయకుడికి ఈ రెండూ సులువైన దారులే. హిందూ సమాజంలో నిజంగా ఏదైనా మారిందంటే అది మూడో దారిలో మారింది: ఏ ఆచారం తప్పో పేరు పెట్టి చెప్పి, చట్టసభలో బిల్లు పెట్టి, కోర్టులో దాన్ని నిలబెట్టుకున్న దారి.

మొదటి దారిని ఊరికే కొట్టిపారేయడం కుదరదు. కులం పేరు చెప్పి మనిషిని గుడి బయట నిలబెట్టిన చరిత్ర మనదే. తమిళనాట ద్రావిడ ఉద్యమానికి బలం వచ్చిందే ఆ అవమానంలోంచి. 1953లో ఆ ఉద్యమ నాయకుడు పెరియార్ తిరుచ్చిలో మట్టి వినాయకుడి విగ్రహాన్ని బహిరంగంగా పగలగొడితే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక వర్గం పవిత్రంగా చూసుకునే వస్తువు ఎంత చిన్నదైనా చట్టం దానికి రక్షణ ఇస్తుందని 1958లో కోర్టు చెప్పింది గానీ, అప్పటికే చాలా కాలం గడిచిపోయిందని కేసును మళ్లీ తెరవలేదు. అయితే ద్రావిడ కళగం అనే తన సంస్థ పెట్టాక పెరియార్ ఎన్నికల్లో నిలబడలేదు, మంత్రి కాలేదు. ఆయన చేతిలో ఉన్నది మాట ఒక్కటే. మంత్రి సంగతి అలా కాదు కదా. ఆయన చేతిలో ఫైలు ఉంటుంది, శాఖ ఉంటుంది, అసెంబ్లీలో మెజారిటీ ఉంటుంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఉదయనిధిని మందలించింది కూడా ఇదే కారణంతో: మీరు సామాన్యులు కారు, మంత్రి, మాటకు పర్యవసానం ఏమిటో తెలిసి ఉండాలి అని.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఉదయనిధి పార్టీ డీఎంకేకు ఇంతకంటే మంచి దారి బాగా తెలుసు. 1970లో కరుణానిధి ప్రభుత్వం అర్చకత్వం వంశపారంపర్యంగా రావడాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. 1972లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. 2021 ఆగస్టు 14న ఉదయనిధి తండ్రి ఎం.కె. స్టాలిన్ ప్రభుత్వం అర్చక శిక్షణ పూర్తిచేసిన వేర్వేరు కులాలవాళ్లు 24 మందికి గుళ్లలో నియామక పత్రాలిచ్చింది. గర్భగుడి గడప దాటి లోపలికి వెళ్లిన ఆ అర్చకులు కుల వివక్షకు ఇచ్చిన జవాబు ముందు డెంగీ పోలిక ఎందుకు పనికొస్తుంది? ఆ మాట అనగానే చర్చ కులం మీద నుంచి జారిపోయి ఉదయనిధి మీదికి వెళ్లిపోయింది. రోజూ పొద్దున దీపం పెట్టుకునే, ఎవరినీ ఏమీ అనని మనిషి కూడా తన ఇంటిని రోగం అన్నారనుకున్నాడు. అలా అనుకున్నందుకు అతన్ని తప్పు పట్టలేం. తాను మాట్లాడింది కుల వివక్ష గురించేనని ఉదయనిధి తర్వాత ఎంత చెప్పినా ఆ వివరణ సగం మందికి కూడా చేరలేదు.

ఇక రెండో దారి. కొత్త చట్టం అడిగేవాళ్లు ముందు ఉన్న చట్టం ఏం చేసిందో చూడాలి. మత మనోభావాలను కావాలని, దురుద్దేశంతో గాయపరిస్తే శిక్షించే 295ఎ సెక్షన్ పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 1927లోనే చేరింది. 1957లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. మూడేళ్ల దాకా జైలు. ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది, అన్ని మతాలకూ వర్తిస్తుంది.

మన హైదరాబాద్ అనుభవమే చూడండి. అక్బరుద్దీన్ ఒవైసీ 2012 డిసెంబర్‌లో నిర్మల్‌లో చేసిన ప్రసంగానికి 2013 జనవరిలో అరెస్టయ్యారు, నెలకు పైగా జైల్లో ఉన్నారు, 2022 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ప్రవక్త మీద వ్యాఖ్యలతో వీడియో పెట్టిన రాజాసింగ్‌ను 2022 ఆగస్టులో పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపల వేశారు, నవంబర్‌లో హైకోర్టు ఉత్తర్వుతో బయటికొచ్చారు. ఇద్దరూ ఎమ్మెల్యేలుగా 2014లో గెలిచారు, 2018లో గెలిచారు, 2023లోనూ గెలిచారు. 2023 డిసెంబర్‌లో అక్బరుద్దీన్ ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ కుర్చీలో కూర్చుంటే, రాజాసింగ్ ఆయన ముందు ప్రమాణం చేయనని భీష్మించారు. పెద్ద నాయకుడికి ఇలాంటి కేసు వల్ల ప్రచారం, సానుభూతి దొరుకుతాయి. ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకున్న కుర్రాడికి మాత్రం స్టేషన్, లాయరు ఫీజు, ఉద్యోగం పోతుందన్న టెన్షన్.

పైగా రక్షణ అనే మాట ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు? ఉదయనిధి తలకు పది కోట్లు ఇస్తానని అయోధ్యలో ఒక స్వామి ప్రకటించారు. అది ఏ ధర్మంలో ఉంది? చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ 2018లో ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకుంటూ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి తీసుకెళ్లారు. అదే రంగరాజన్ మీద 2025 ఫిబ్రవరిలో రామరాజ్యం పేరు చెప్పుకున్న గుంపు ఇంటికొచ్చి మరీ దాడి చేసింది. తిరుమల లడ్డూ నెయ్యిలో కల్తీ జరిగిందన్న గొడవ కూడా అంతే. విచారణ తేలకముందే అన్ని పార్టీలూ మాట్లాడేస్తుంటే, వారాహి సభకు మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండి అని చెప్పాల్సి వచ్చింది.

రెండో దారి వాళ్లు అడిగే ఒక ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు చెప్పాలి. మిగతా మతాలను ఇలా అనగలరా అంటారు. ఓట్ల లెక్క చూసుకుని ఒక మతం దగ్గర గట్టిగా, ఇంకో మతం దగ్గర మెత్తగా మాట్లాడే నాయకులు ఉన్నమాట నిజం, అది సహనం అనిపించుకోదు. కానీ దానికి విరుగుడు అందరి నోళ్లూ మూయించడం కాదు, అందరికీ ఒకే కొలత పెట్టడం. ముస్లిం మహిళలే కోర్టుకెక్కితే 2017లో సుప్రీంకోర్టు తక్షణ తలాక్‌ను కొట్టేసింది. అక్కడ ఇస్లాంను ఎవరూ రోగం అనాల్సిన పని పడలేదు, తప్పు ఏ ఆచారంలో ఉందో దాన్నే పట్టుకున్నారు.

మూడో దారిలో అందరికంటే ముందు గుర్తొచ్చేది అంబేద్కరే. ఆయన మాట మెత్తన కాదు. 1927లో మహాద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు, 1935లో హిందువుగా చావను అన్నారు. అయినా న్యాయమంత్రి అయ్యాక ఆయన హిందూ కోడ్ బిల్లు పట్టుకుని సభకొచ్చారు. విడాకులు, స్త్రీకి ఆస్తి, దత్తత అని ఒక్కో క్లాజూ వాదించారు. అది ముందుకు కదలక 1951లో రాజీనామా చేసినా, 1955, 56ల్లో ఆ బిల్లులే ముక్కలుగా చట్టాలయ్యాయి. రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే, హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలు చేసుకోవచ్చని రాసిపెట్టింది. అంటే సంస్కరణకు తలుపు అక్కడే ఉంది.

మన ఎన్టీఆర్ కూడా ఆ తలుపులోంచే వెళ్లారు. కాషాయం కట్టిన ముఖ్యమంత్రి, తెర మీద రాముడు, కృష్ణుడు. హిందూ ద్వేషి అని ఆయన్ని ఎవరంటారు? ఆయన ప్రభుత్వమే 1985 సెప్టెంబర్ నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. 1987 దేవాదాయ చట్టంతో అర్చకుల మిరాశీ (వంశపారంపర్య) హక్కులు రద్దయ్యాయి, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1988లో దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించారు. మిరాశీ రద్దు మీద అర్చక కుటుంబాల బాధా ఉంది, 2007లో మరో ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించింది. ఈ దారిలో పని నెమ్మదిగా సాగుతుంది, వెనక్కీ వెళ్తుంది. కానీ వాదన కాగితం మీద ఉంటుంది, నచ్చనివాళ్లు సవరణ అడగొచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు, తలకు వెల కట్టే అవసరం ఎవరికీ రాదు.

అందుకే ఈసారి ఏ నాయకుడైనా మైకు ముందు సనాతన ధర్మం అనగానే చప్పట్లో రాళ్లో అందుకోకుండా మనం అడగాల్సినవి ఉన్నాయి. నిర్మూలించాలి అంటున్నాయనను, ఏ ఆచారాన్ని, ఏ సెక్షన్ మార్చి, ఎప్పటిలోగా అని అడగాలి. కాపాడాలి అంటున్నాయనను, ఆ కాపాడే గుడిలో శిక్షణ పొందిన దళిత అర్చకుడికి గర్భగుడిలో చోటుందా, ఆ హామీ మీరడిగే చట్టంలో రాస్తారా అని అడగాలి.