సూర్యలంక, కోరింగ: తాబేళ్ల కోసం, పిట్టల కోసం వెళ్లొచ్చాం

హైదరాబాద్‌కి సముద్రం లేదు కాబట్టి మనవాళ్లకి బీచ్ అంటే వీకెండ్ ప్లాన్. శుక్రవారం రాత్రి కారెక్కితే తెల్లారేసరికి బాపట్ల, అక్కణ్నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. ఈసారి మేము వెళ్లింది మాత్రం నీళ్లలో ఆడుకోడానికి కాదు. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, వలస పిట్టలు ఇంకా తీరాన్ని వదలని రోజుల్లో, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషుల పని ఎలా ఉంటుందో చూడాలని వెళ్లాం. నేను, మా చెల్లి, మరిదిగారు, వాళ్ల పాప. ముందు సూర్యలంక, తర్వాత కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యం. ఏ గది తీసుకోవాలి, ఏ వేళకి ఇసుకలో దిగాలి అన్నది మన సౌకర్యం ఒక్కటే చూసుకుని తేల్చుకునే విషయం కాదని వెళ్లొచ్చాక గట్టిగా అనిపించింది. అందుకే ఈ వివరాలు.

ముందు బస సంగతి. అందరూ అడిగేది "సీ ఫేసింగ్ రూమ్ ఉందా" అనే. మేమూ మొదటి రాత్రికి ఇసుకని ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు రిసార్ట్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, పనివాళ్లు మర్యాదగా ఉన్నారు. అయితే చీకటి పడగానే సముద్రం వైపు పెద్ద పెద్ద ఫ్లడ్ లైట్లు వేశారు. అలల దాకా పట్టపగల్లా వెలుగు. తాబేలు పిల్లలు గుడ్డులోంచి వచ్చేది ఎక్కువగా రాత్రిపూట. ఎటువైపు వెలుగు ఎక్కువుంటే అటు నడవడం వాటి నైజం. మామూలుగా అయితే ఆకాశం ప్రతిఫలించే సముద్రమే వెలుగ్గా ఉంటుంది. మనం లైట్లు వేస్తే అవి వెనక్కి తిరిగి సరుగుడు తోటల్లోకి, రోడ్డు మీదికి పోతాయి. తెల్లారేసరికి ఎండకి మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి తాబేలు కూడా అంత వెలుగు చూసి గట్టెక్కకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. మేనేజర్ గారిని అడిగితే, చీకటిగా ఉంటే ఫ్యామిలీలు భయపడతాయండీ అన్నారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. ఆ లైట్లకి కింద వైపు మాత్రమే పడేలా మూతలు పెట్టి, జనవరి నుంచి మే దాకా రాత్రి పది తర్వాత ఆపేస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. గది బుక్ చేసేటప్పుడే ఈ మాట అడగండి. పది మంది అడిగితే వాళ్లూ మారతారు.

మర్నాడు బాపట్ల ఊళ్లో లాడ్జికి మారిపోయాం. గది మామూలుది, దోమలు ఉన్నాయి, వేడినీళ్లు పొద్దునపూట మాత్రమే. అయినా నా ఓటు దీనికే. టిఫిన్ సెంటర్లు పక్కనే, స్టేషన్ దగ్గర, ఇసుక మీద మన బరువు ఉండదు. ఒక్కటే ఇబ్బంది, తెల్లవారుజామున మూడింటికి బీచ్‌కి వెళ్లాలంటే ముందు రోజే ఆటో మాట్లాడి పెట్టుకోవాలి.

ఆ వేళప్పుడు ఎందుకంటే, అటవీ శాఖ పెట్టుకున్న వాచర్ల గస్తీ రాత్రంతా నడుస్తుంది. వీళ్లలో ఎక్కువమంది అక్కడి మత్స్యకార కుటుంబాల వాళ్లే. వాళ్లతో నడవాలంటే ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఇవ్వకపోతే పట్టు పట్టకండి. తాబేళ్లు వచ్చే రాత్రి నలుగురు కొత్తవాళ్లు వెంట ఉండటం వాళ్ల పనికి అడ్డే. మాకు అనుమతి దొరికింది, ఫోన్లు జేబుల్లోంచి తీయకూడదన్న షరతు మీద.

చాలాసేపు ఏమీ లేదు. ఇసుక, అలల చప్పుడు, పరుగెత్తే ఎండ్రకాయలు. పాప టార్చి వేయబోతే వాచర్ పెద్దాయన "ఆపమ్మా, కళ్లు చీకటికి అలవాటు పడతాయి, ఇప్పుడు నీకే కనపడుద్ది చూడు" అన్నాడు. నిజంగానే కాసేపటికి కనిపించింది. నీళ్లలోంచి పైకి, మళ్లీ కిందికి, ట్రాక్టర్ టైరు పోయినట్టు రెండు చాళ్లు. తాబేలు వచ్చి వెళ్లిపోయింది. పైకి వెళ్లిన చాలు ఆగిన చోట ఇసుక చెదిరి ఉంది. ఆయన సన్నటి కర్రతో చాలా నెమ్మదిగా అక్కడక్కడా గుచ్చి చూశాడు. ఒకచోట కర్ర తేలిగ్గా దిగింది. అంతే, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు లోతున గుడ్లు. తెల్లగా, తడిగా, వేలు తగిలితే కొంచెం సొట్టపోయే పెంకు. ఒక్కొక్కటే తీసి, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉండేలా సంచిలో పేర్చాడు. గుడ్డు పెట్టిన కొన్ని గంటల తర్వాత లోపలి పిండం పెంకుకి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల బతకదు. అందుకే తెల్లారకముందే హేచరీకి, అంటే గుడ్లని కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటికి, చేర్చాలని అంత ఆత్రం. ఇక్కడికొచ్చే ఈ ఆలివ్ రిడ్లే రకం తాబేలు ఒక్కో గూట్లో సుమారు 100 నుంచి 120 దాకా పెడుతుంది. అక్కడే వదిలేస్తే వీధికుక్కలు, నక్కలు, పందులు వాసన పట్టి తవ్వేస్తాయి.

హేచరీ అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. అలలు అందనంత ఎత్తున వల కంచె, పైన నీడకి మరో వల, లోపల వరసగా గుంతలు. ఒక్కో గుంత పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉంటుంది, తల్లి తవ్వినట్టే. ప్రతిదానికీ తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీ. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. ఆ నీడ వల సంగతి అప్పుడు అర్థమైంది. పిల్లల్ని సముద్రంలో వదిలే ఉదయాలకి జనం బాగా వస్తున్నారు. మీరూ వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. చేతిలోకి తీసుకుని సెల్ఫీలు దిగొద్దు, నీళ్లలోకి విసరొద్దు. ఇసుక మీద కొంత దూరం అవే పాకి వెళ్లాలి.

తెల్లారాక తిరిగి వస్తుంటే చచ్చిన తాబేలు ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంది. వాచర్ పెద్దాయన టేపుతో డిప్ప పొడవు కొలిచి, పుస్తకంలో రాసుకుని, డిప్ప మీద పెయింట్‌తో గీత పెట్టాడు. రేపు ఇంకొకరు దాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా. తాబేలు ఊపిరి తీసుకోడానికి నీటి పైకి రావాలి. ట్రాలర్ వలలో గంటల తరబడి చిక్కుకుంటే మునిగి చస్తుంది. వలలో తాబేలు తప్పించుకుపోయే దారి ఉండే పరికరం ఉంది, టెడ్ అంటారు. మన బోట్లలో అది సరిగా వాడటం లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని కొనడం మానేసింది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. కానీ ఇక్కడ తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి లోపు. అంటే నిషేధం మొదలయ్యేసరికి ఒడ్డుకి రావాల్సిన తల్లుల్లో చాలావరకు వచ్చి గుడ్లు పెట్టేసి ఉంటాయి, చావాల్సినవి చచ్చిపోయి ఉంటాయి. ఆ మూడు నెలలు తీరానికి దగ్గరగా ట్రాలర్లు రాకుండా గట్టిగా చూడకపోతే హేచరీలు ఎన్ని పెట్టినా తల్లుల్ని కాపాడలేమని నాకు అనిపిస్తోంది. మా పాప ఆ రోజు ఇంక పెద్దగా మాట్లాడలేదు.

పిట్టల విషయానికొస్తే, సూర్యలంక మెయిన్ బీచ్ శని, ఆదివారాల్లో దండగ. మనుషులు, గుర్రాలు, ఇసుక మీద నడిపే బళ్లు. జనం పలచబడ్డ చోటికి రెండు కిలోమీటర్లు నడిస్తే తడి ఇసుక అంచున చిన్న ప్లోవర్లు, స్టింట్లు పరుగులు పెడుతూ కనిపించాయి. లిటిల్ స్టింట్ ముప్పై గ్రాములకి అటూ ఇటూ ఉండే పిట్ట. ఎక్కడో ఉత్తర ధ్రువం పక్క సైబీరియా నుంచి వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టాలి కాబట్టి పగలంతా తింటూనే ఉంటుంది. కుక్క తరిమినా, పిల్లలు "హో" అని పరిగెత్తినా గుంపంతా లేచిపోతుంది. అలా లేచిన ప్రతిసారీ తిన్నదాంట్లో కొంత ఖర్చు. అందుకని పిట్టల గుంపు కనిపిస్తే చుట్టూ తిరిగి పొడి ఇసుక వైపు నుంచి వెళ్లండి. పొడి ఇసుకలో కూడా చూసి అడుగేయండి. కెంటిష్ ప్లోవర్ లాంటివి నేల మీదే చిన్న గుంత చేసి గుడ్లు పెడతాయి, ఇసుక రంగులో కలిసిపోతాయి.

పిట్టలే ముఖ్యమైతే కోరింగకే నా ఓటు. లింగంపల్లి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున్నే కాకినాడ. ఊళ్లో హోటళ్లకి కొదవ లేదు, అక్కడుంటేనే సుఖం. అభయారణ్యం 1978లో ఏర్పడింది. మడ అడవి మధ్య చెక్క వంతెన మీద నడక పెద్దవాళ్లకీ వీలే, మరిదిగారి మోకాలి నొప్పికి కూడా పర్వాలేదనిపించింది. పడవ మాత్రం పోటు (నీరు పైకెక్కడం), పాటు (నీరు వెనక్కి తగ్గడం) చూసుకుని నడుస్తుంది, కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. పాటు మీద బురద మైదానాలు బయటపడినప్పుడు పిట్టలు దూరదూరంగా చెదిరి మేస్తాయి. పోటు ఎక్కుతున్న కొద్దీ మిగిలిన కాస్త బురద మీదికే చేరతాయి. నిండు పోటుకి రెండు గంటల ముందు చూడాలి. పొడుగు ముక్కు వంగిన కర్లూలు, గాడ్‌విట్లు, రెడ్‌షాంకులు, అన్నీ పక్కపక్కనే. చాలా అరుదైపోయిన ఇండియన్ స్కిమ్మర్లు చలికాలంలో కాకినాడ తీరానికి వస్తాయి. మాకు దొరకలేదు. మేం ఎక్కిన పడవలో పాటలు గట్టిగా పెట్టారు, ఆపమంటే వెంటనే ఆపారు. ఎక్కకముందే చెప్పుకోవడం మేలు.

బైనాక్యులర్స్ కొత్తగా కొన్నవాళ్లు మొదట మన అమీన్‌పూర్ చెరువు దగ్గర అలవాటు చేసుకోండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. చలికాలంలో చెరువుల అంచుల్లో వుడ్ శాండ్‌పైపర్లు, చిన్న ప్లోవర్లు దొరుకుతాయి, తీతువులు ఏడాదంతా ఉంటాయి. నగరంలో డెక్కన్ బర్డర్స్ అనే పిట్టలు చూసేవాళ్ల బృందం పెట్టే నడకలకి కొత్తవాళ్లూ వెళ్లొచ్చు. ఏటా జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. నీటిపక్షుల్ని గుర్తుపట్టి లెక్కపెట్టడం నేర్చుకుంటే అందులో మీరూ సాయం చేయొచ్చు.

తాబేళ్లు, పిట్టలు రెండూ చూడాలంటే ఫిబ్రవరి మంచిది. వీలైతే సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లండి. చెన్నై వైపు రైళ్లలో కొన్ని బాపట్లలో అర్ధరాత్రి దాటాక దింపుతాయి, టైమ్ చూసుకుని బుక్ చేసుకోండి. టార్చికి ఎర్ర కాగితం అంటించి తీసుకెళ్లండి, తెల్ల లైటు వద్దు. కుక్కల్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి. ఒడ్డున చచ్చిన తాబేలు గానీ, దారి తప్పిన పిల్లలు గానీ కనిపిస్తే ఫొటో, చోటు వివరాలతో అటవీ శాఖ వాళ్లకి వెంటనే చెప్పండి. వాళ్ల పుస్తకంలో అది కూడా ఎక్కాలి.