వేలం ఫ్లాటుకి హోమ్ లోనా, ఉన్న ఇంటి మీద లోనా?

మధురవాడలో బ్యాంకు వేలంలో ఫ్లాటు కొన్నానని చెప్పిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, "హోమ్ లోన్ పెట్టావా, ఇంటి మీద తీసుకున్నావా?" అని. సీతమ్మధారలో ఉన్న మా ఇంటి మీదే తీసుకున్నాను, వడ్డీ ఎక్కువని తెలిసే.

మామూలుగా కొనే ఫ్లాటుకైతే హోమ్ లోనే చవక, అందులో వాదన లేదు. వేలంలో అసలు చిక్కంతా గడువుతోనే. నాకు 42 లక్షలకి పాట ఖాయమైంది, అదే అపార్ట్‌మెంట్లో మిగతావాళ్లు 50 పైనే చెప్తున్నారు. ఈఎండీ కింద, అంటే పాటలో పాల్గొనడానికి కట్టే డిపాజిట్ కింద, ముందే 4 లక్షలు కట్టాను, పాట ధరలో 25 శాతం లెక్క సరిపోవడానికి ఇంకో ఆరున్నర లక్షలు మర్నాటికల్లా కట్టాలి, మిగిలిన 31.5 లక్షలకి అమ్మకం ఖరారయ్యాక 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించొచ్చు గానీ ఆ ధైర్యంతో పాటకి వెళ్లకండి, కట్టలేకపోతే అప్పటిదాకా కట్టింది కూడా పోతుంది.

ఆ 15 రోజుల్లో హోమ్ లోన్ తేలుతుందా? లీగల్ ఒపీనియన్ రావాలి, వాల్యుయేషన్ అవ్వాలి, అసలు దస్తావేజులేమో అమ్మే బ్యాంకు దగ్గరే ఉంటాయి, సేల్ సర్టిఫికెట్ డబ్బంతా కట్టాకే వస్తుంది. ప్రకటనలో సింబాలిక్ పొజెషన్ అని, అంటే ఫ్లాటు బ్యాంకు చేతికి కాగితాల మీదే వచ్చిందని, ఉంటే కొన్ని బ్యాంకులు ఫైలే ముట్టుకోవు. మా తోడల్లుడికి శాంక్షన్ లెటర్ టైముకే వచ్చింది, డబ్బు రాలేదు, చివరికి తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. పైగా మార్కెట్ రేటు చూసి లోన్ ఇస్తారనుకోవద్దు, కొన్న ధర, వాల్యుయేషన్ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే లెక్క, లోన్ 30 లక్షలు దాటితే 80 శాతం మించదు.

నేను పాటకి నెల ముందే ఇంటి మీద ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టించుకున్నాను. అంటే ఒక పరిమితి దాకా కావాల్సినప్పుడు తీసుకోవచ్చు, వాడుకున్నంతకే వడ్డీ, పాట దక్కకపోతే ఖర్చులు మాత్రమే పోతాయి. హోమ్ లోన్ కన్నా ఒకటిన్నర శాతం ఎక్కువ పడింది, అంటే 31.5 లక్షల మీద ఏడాదికి 47 వేల చిల్లర. తక్కువకి దొరికిన ఫ్లాటు మీద అది నాకు బరువనిపించలేదు. ఫ్లోటింగ్ వడ్డీ, సొంత అవసరానికి తీసుకున్నది కాబట్టి ముందే తీర్చినా పెనాల్టీ లేదు. కాకపోతే ఉంటున్న ఇల్లు తాకట్టులో ఉంటుంది, అద్దె రాని నెలల్లో కూడా జీతంలోంచి కట్టగలిగితేనే దీని జోలికి వెళ్లాలి. మా ఆవిడ సంతకం పెట్టడానికి వారం పట్టింది.

గోల్డ్ లోన్ ఆ ఆరున్నర లక్షల లాంటి వాటికి పనికొస్తుంది. పర్సనల్ లోన్ వద్దు.

వేలం కాకుండా, ఓనరే అవసరం కొద్దీ తక్కువకి అమ్ముతూ రెండు నెలలు ఆగుతానంటే నేనూ హోమ్ లోనే పెడతాను. అక్కడ చూసుకోవాల్సింది వేరే ఉంది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ మీరిచ్చిన ధర కన్నా 10 శాతానికి, 50 వేలకి మించి ఎక్కువుంటే ఆ తేడా మొత్తం మీ ఆదాయంలో కలిపి ఇన్‌కమ్ ట్యాక్స్ వేస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆడిటరుతో లెక్క వేయించుకోండి.