పట్టు చీర అని అమ్మారు, అమ్మ చేతికి కరిగి అతుక్కుంది: కొనేవారందరూ చదవండి

కార్తిక పౌర్ణమి సాయంత్రం తులసికోట దగ్గర అమ్మ దీపాలు పెడుతుండగా కొంగు జారి వత్తుల మీద పడింది. ఒక్క క్షణంలో కొంగు చివర కుంచించుకుపోయి, నల్లటి ముద్దలా కరిగి, మోచేతి కింద అతుక్కుంది. అమ్మ కంగారుగా దాన్ని పీకబోతే పక్కింటి పిన్నిగారు చెయ్యి పట్టుకుని ఆపి, కుళాయి కింద పెట్టించి చాలాసేపు చన్నీళ్లు వదిలారు. తర్వాత చూసిన డాక్టరు, అతుక్కున్న గుడ్డను లాగి ఉంటే చర్మం కూడా ఊడివచ్చేదని అన్నారు. ఈ సంగతి దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆ చీరను శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి నేనే కొన్నాను. 7,200 రూపాయలు. 'అచ్చమైన పట్టు' అని దుకాణంలో రెండుసార్లు చెప్పారు. వ్రతం రోజునే అమ్మ 'ఒళ్లంతా ఉడికిపోతోందే, ఇదేం పట్టు?' అంది. ఎండ వల్ల అనుకున్నాను. కానీ అది పాలిస్టర్ చీర. పట్టు తన బరువులో పదకొండు శాతం దాకా తేమ పీల్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. అమ్మ మాట అప్పుడే పట్టించుకోవలసింది.

మిగిలిన చీర తీసుకుని దుకాణానికి వెళ్తే, 'బిల్లులో పట్టు అని ఎక్కడ రాశామండీ?' అన్నారు. చూసుకుంటే 'ఫ్యాన్సీ చీర' అని మాత్రమే ఉంది. నోట మాట రాలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పట్టు మంటలో కరగదు. జుట్టులాగే అదీ ప్రోటీనే. కాల్చితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే చాలావరకు దానంతట అదే ఆరిపోతుంది, మిగిలిన నల్లని బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ అలా కాదు. నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్‌నే పోగుగా తీస్తే అది పాలిస్టర్. మంట దగ్గరకు వస్తుండగానే ముడుచుకుంటుంది, సుమారు 250–260 డిగ్రీల వేడిలో కరుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది. చల్లారాక గోటితో నొక్కినా నలగని గట్టి పూస మిగులుతుంది. నైలాన్ కూడా ఇలాగే కరుగుతుంది. ఉన్ని శాలువా పేరుతో అమ్మే అక్రిలిక్ అయితే ఇంకా వేగంగా మండి, కరిగిన చుక్కలు కార్చుతుంది.

కొంగు చివర వేలాడే పోగులో రెండంగుళాలు చాలు పరీక్షకు. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని కాల్చండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఒక్క పోగుతో ఆగవద్దు. పడుగు (నిలువు పోగులు) నుంచి ఒకటి, పేక (అడ్డు పోగులు) నుంచి ఒకటి విడివిడిగా తీసి చూడాలి. ఒకవైపు పట్టు, మరోవైపు పాలిస్టర్ కలిపి నేసిన చీరలు ఎన్నో ఉన్నాయి. ఒక్క పోగే చూసినవారు అక్కడే మోసపోతారు.

రేయాన్‌కూ నూలుకూ తేడా పట్టడానికి ఈ పరీక్ష అంతగా పనికిరాదు. అది కలప గుజ్జు నుంచి వచ్చేది కాబట్టి నూలులాగే కాగితం వాసనతో మండుతుంది. రెండింటినీ నీళ్లే విడదీస్తాయి. పోగు తడిపి లాగితే రేయాన్ తేలికగా తెగిపోతుంది, నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. కాటన్ అని కొన్న కుర్తీ ఒక్క ఉతుకుకే కురచ అయిందంటే ఇది కూడా చూడండి.

పేర్లను చూసి కూడా పొరబడుతుంటాం. జార్జెట్, షిఫాన్, క్రేప్, శాటిన్ అన్నవి నేత తీరుకు పేర్లు, పోగుకు కావు. ఇవి పట్టుతోనూ ఉంటాయి, పాలిస్టర్‌తోనూ ఉంటాయి. 'ఆర్ట్ సిల్క్'లో ఆర్ట్ అంటే కళ కాదు, కృత్రిమం అని అర్థం. ఉంగరంలోంచి దూరితే పట్టు అనే మాటనూ నమ్మవద్దు. పల్చటి పాలిస్టర్ సునాయాసంగా దూరుతుంది, బరువైన అసలు కంచి పట్టు చీర దూరదు.

కొనేముందు సిల్క్ మార్క్ చీటీ అడగండి. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన గుర్తు అది. హోలోగ్రాం, ప్రతి చీటీకీ విడి సంఖ్య ఉంటాయి. అది పట్టు అసలైనదని మాత్రమే చెబుతుంది, చేనేతో మరమగ్గమో చెప్పదు. బిల్లు మీద 'పట్టు' అన్న మాట రాయించుకోండి. రాయడానికి తటపటాయిస్తే చీర అక్కడే వదిలి వచ్చేయండి. నేను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. బిల్లులో ఆ మాట లేకపోవడమే ఇప్పుడు నాకు పెద్ద అడ్డంకి.

ఇంట్లో ఉన్న మిగతా అయిదు 'పట్టు' చీరల పోగులూ కాల్చి చూశాను. రెండు కరిగాయి. వాటిని పూజకు కట్టకుండా విడిగా పెట్టాను. అమ్మ చెయ్యి మానుతోంది. నూలు కూడా మండుతుంది, కానీ కరిగి ఒంటికి అతుక్కోదు. ఇప్పుడు దీపం పెట్టే వేళకు అమ్మ పాత నూలు చీర కట్టుకుని, కొంగు నడుముకు గట్టిగా దోపుకుంటోంది.