రాళ్లెక్కే రిమోట్ బండి: ఏ కిట్ కొనాలి?

రాళ్ల మీద మెల్లగా పాకుతూ ఎక్కే రిమోట్ బండిని స్వయంగా బిగించుకోవాలనుకునేవారికి, అసలు బండిలో పదో వంతు (1/10) పరిమాణంలోని ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10 త్రీ కిట్‌నే నేను మొదట సూచిస్తాను. చక్రాల దగ్గర అదనపు గేర్లుండే పోర్టల్ ఇరుసులు కావడంతో, ఇరుసు గొట్టం చక్రపు కేంద్రం కన్నా పైకి లేచి, రాయికి తగలకుండా దాటిపోతుంది. వెనుక చక్రాలను నిలిపి, ముందు చక్రాలతోనే బండిని ఇరుకులో తిప్పే డిగ్ సౌకర్యం దీనికి అసలైన బలం. అయితే మోటారు, దాని వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్, స్టీరింగ్ వంటివాటిని కదిలించే చిన్న మోటార్లైన సర్వోలు, రేడియో, బ్యాటరీ విడిగా కొనాలి కనుక ఖర్చు బాగా పెరుగుతుంది. ఆ భారం వద్దనుకునేవారికి మోటారు, రేడియోలతో వచ్చే ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 కిట్ మేలు; ఇరుసుకు రెండు వైపుల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే దాని డిఫరెన్షియళ్లను, ఆ చక్రాలు కలిసి తిరిగేలా రిమోట్‌తోనే లాక్ చేయవచ్చు. ఏది కొన్నా, లోహంలో బిగించే స్క్రూలకు, అవి అదురుకు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురైన థ్రెడ్‌లాక్ తప్పక రాయండి.