సబ్‌స్టెన్స్ పి ఆర్డర్ పెట్టే ల్యాబ్‌లకు హెచ్చరిక: చివర ఎమైడ్ ఉందో లేదో చూసుకోండి

సబ్‌స్టెన్స్ పి అంటే నరాల్లో నొప్పి సంకేతాలు మోసే చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు). ఆ పేరుతో లేబుల్ వేసి ఒక సప్లయర్ పంపిన 1 మిల్లీగ్రాము వయల్‌ని మాస్ స్పెక్‌లో (అణువుల ద్రవ్యరాశి కొలిచే పరికరం) పెట్టి చూస్తే అది సబ్‌స్టెన్స్ పి కాదు, దాని ఫ్రీ యాసిడ్, అంటే గొలుసు చివర ఎమైడ్ గుంపు బదులు యాసిడ్ గుంపు ఉన్న రూపం. సీఓఏలో (సప్లయర్ ఇచ్చే నాణ్యతా పత్రం) ప్యూరిటీ 98 శాతం. ఆ 98 అబద్ధమేమీ కాదు, వచ్చింది తప్పు పెప్టైడే అయినా శుభ్రంగానే ఉంది. ఈ పెప్టైడ్ అతుక్కునే ఎన్‌కె1 రిసెప్టర్ ఉన్న కణాల్లో నానోమోలార్ డోసుకే లేవాల్సిన కాల్షియం సిగ్నల్ మాత్రం లేవలేదు. ఇలాంటప్పుడు అందరూ కణాల్ని, సిగ్నల్‌ని చూపే డైని, కణాల్ని ఎన్నిసార్లు మార్చి పెంచారో చెప్పే పాసేజ్ నంబర్‌ని అనుమానిస్తారు. వయల్ వంతు ఆఖరున గానీ రాదు.

ఈ పెప్టైడ్‌లో 11 అమైనో ఆమ్లాలు: ఆర్జినిన్, ప్రోలిన్, లైసిన్, ప్రోలిన్, రెండు గ్లుటమిన్‌లు, రెండు ఫినైల్ అలనిన్‌లు, గ్లైసిన్, ల్యూసిన్, మెథియోనిన్. చివరి మెథియోనిన్ మీద ఎమైడ్ ఉండాలి. అది లేకపోతే ఎన్‌కె1 దాన్ని పెద్దగా పట్టించుకోదు. తయారీలో గొలుసుని కట్టే ఆధారంగా రింక్ ఎమైడ్ రెజిన్ వాడితే ఎమైడ్ వస్తుంది, వాంగ్ రెజిన్ వాడితే యాసిడ్ వస్తుంది. కస్టమ్ సింథసిస్ ఫారంలో అమైనో ఆమ్లాల అక్షరాలు మాత్రమే నింపి ఊరుకుంటే యాసిడ్ చేసి పంపేస్తారు. తర్వాత అడిగితే ‘మీరు రాయలేదు కదా’ అంటారు, దానికి మన దగ్గర జవాబు ఉండదు.

సీఓఏ కళ్లకు గంతలు కట్టేది మాస్ దగ్గరే. ఎమైడ్‌కీ యాసిడ్‌కీ తేడా 0.98 డాల్టన్ మాత్రమే. ఎమైడ్ సగటు ద్రవ్యరాశి 1347.6, ఒక ప్రోటాన్ చేరితే 1348.6. యాసిడ్ సగటు ద్రవ్యరాశి కూడా 1348.6 చిల్లరే! అందుకే కాగితం మీద ఒట్టి 1348.6 అని ఉంటే ఏదీ రుజువు కాదు. మోనోఐసోటోపిక్ విలువతో (ప్రతి మూలకంలో ఎక్కువగా దొరికే ఐసోటోపుతోనే లెక్కించిన ద్రవ్యరాశి) స్పెక్ట్రమ్ అడగండి. ఎమైడ్ అయితే సింగిల్ చార్జ్ పీక్ 1347.74 దగ్గర, డబుల్ చార్జ్ 674.37 దగ్గర పడుతుంది. యాసిడ్ అయితే 1348.72, 674.86. కార్బన్-13 వల్ల ఎమైడ్‌లోనూ 1348.7 పీక్ కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూసి కంగారు పడొద్దు, దాని ముందు 1347.7 ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 1363.7 కూడా కనిపిస్తే మెథియోనిన్ ఆక్సీకరణ చెందినట్టు. రివర్స్ ఫేజ్ హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని వేరుచేసే పద్ధతి) అది అసలు పీక్ కన్నా ముందే బయటికొస్తుంది.

రెండో దెబ్బ తూకంలో. ఆర్జినిన్, లైసిన్, మొదటి అమైనో గుంపు కలిసి మూడు టీఎఫ్‌ఏలను (శుద్ధి చేసేటప్పుడు వాడే ట్రైఫ్లోరోఅసిటిక్ యాసిడ్) పట్టుకుంటాయి. అంటే సుమారు 342 డాల్టన్‌లు అదనం. పూర్తిగా ఎండిన టీఎఫ్‌ఏ సాల్ట్‌లో కూడా అసలు పెప్టైడ్ 80 శాతం దాటదు, తేమ కలిస్తే ఇంకా తక్కువ. 220 నానోమీటర్ల దగ్గర తీసిన ప్యూరిటీలో ఈ టీఎఫ్‌ఏ, నీరు లెక్కకే రావు. 1 మిల్లీగ్రాము అంతా పెప్టైడే అనుకుని 742 మైక్రోలీటర్లు పోస్తే 1 మిల్లీమోలార్ వచ్చిందనుకుంటాం. నెట్ కంటెంట్ (బరువులో అసలు పెప్టైడ్ వాటా) 75 శాతమైతే చేతిలో ఉన్నది 0.75 మాత్రమే. అప్పుడు పోయాల్సింది 557. నానోడ్రాప్‌లో (కాంతి శోషణ కొలిచే పరికరం) 280 నానోమీటర్ల దగ్గర చూసి సరిచేద్దామన్నా కుదరదు, ఆ కాంతిని పీల్చే టైరోసిన్, ట్రిప్టోఫాన్ రెండూ ఇందులో లేవు. అమైనో యాసిడ్ అనాలిసిస్ రిపోర్టే దిక్కు.

వయల్ రాగానే ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే మూత తిప్పకండి. డెసికేటర్‌లో గది వేడికి రానిచ్చి, ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్ చేసి తెరవండి. పొడి గోడకు పల్చటి పొరలా అంటుకుని ఉంటుంది, ఖాళీ వయల్ అని పారేసేవాళ్లూ లేకపోలేదు. నైట్రోజన్ పంపిన 0.05 మోలార్ అసిటిక్ యాసిడ్‌లో కరిగించండి. డీఎంఎస్‌ఓ వద్దు, మెథియోనిన్‌ని మెల్లగా ఆక్సీకరిస్తుంది. చిన్న ఎలికోట్‌లుగా (విడి భాగాలుగా) -80 డిగ్రీల్లో పెట్టి, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి. పలచటి డోసులకు లో-బైండ్ ట్యూబులు, 0.1 శాతం బీఎస్‌ఏ (ప్లాస్టిక్‌కి అంటకుండా కలిపే ప్రోటీన్) వాడకపోతే పెప్టైడ్ ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది.

ఎల్1 పద్ధతిలో (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డర్) కొనే సంస్థల్లో ఇండెంట్‌లో రాయని మాటకు విలువ లేదు. ఒట్టి పేరూ 98 శాతమూ రాస్తే తక్కువ ధరవాడు ఏది పంపినా అంగీకరించాల్సిందే. ఇలా రాయండి: ‘సీ-టెర్మినల్ ఎమైడ్, అసిటేట్ సాల్ట్, హెచ్‌పీఎల్‌సీ ప్యూరిటీ కనీసం 95 శాతం, నెట్ పెప్టైడ్ కంటెంట్ అమైనో యాసిడ్ అనాలిసిస్ ద్వారా, సరఫరా చేసే బ్యాచ్‌దే మోనోఐసోటోపిక్ స్పెక్ట్రమ్.’ జంతువుల వెన్నులోకో మెదడులోకో ఎక్కించే పనైతే ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) రిపోర్ట్ కూడా చేర్చండి, లేకపోతే మైక్రోగ్లియా (మెదడు, వెన్నులోని రోగనిరోధక కణాలు) స్పందన దేనివల్లో తేలదు.

సరుకు వచ్చిన వారంలోనే ఒక వయల్ మాస్ స్పెక్‌కి పంపి, ఇంకోటి సీల్ తీయకుండా దాచండి. బిల్లు పాస్ చేయడం ఆ రిపోర్ట్ చేతికొచ్చాకే. తప్పు వయల్‌కి బదులుగా పంపిన వయల్ మీద పాత బ్యాచ్ నంబరే ఉంటే తీసుకోకండి.